సముద్రంలో బావి తవ్వితే మనకేమిటి? – పాఠకుల ప్రశ్నలకు ఓ పాత డ్రిల్లర్ జవాబులు

కాకినాడ ఎదురుగా సముద్రంలో జరుగుతున్న చమురు, గ్యాస్ పనుల మీద వచ్చిన ఉత్తరాల కట్టని సంపాదకులు నాకు పంపారు. 31 ఏళ్ళు రిగ్గుల మీద పనిచేశాను. 1985లో ముంబై ఎదురుగా సముద్రంలో ఉన్న బొంబాయి హై చమురు క్షేత్రంలో మొదలుపెట్టి, మన తూర్పు తీరంలో ముగించాను. ఆఖరున నా హోదా టూల్‌పుషర్, అంటే రిగ్గు మీద తవ్వకం పనికి పెద్ద. ఆ పేరు విని మా అత్తగారు "అంటే తోపుడు బండి ఉద్యోగమా బాబూ?" అని అడిగారు. జీతం చెప్పాక మళ్ళీ అడగలేదు.

ప్రశ్న: 1995లో పాశర్లపూడి బావి తగలబడినప్పుడు మా ఊరంతా వణికిపోయింది. అలాంటిది సముద్రంలో జరిగితే ఆర్పేదెవరు? ముందే పసిగట్టి ఆపలేరా? అసలు వీళ్ళని తనిఖీ చేసే నాథుడున్నాడా?
– ఓ రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అమలాపురం

మాస్టారూ, ఆ జనవరి 8న నేను సెలవు మీద ఇంటి దగ్గరే ఉన్నాను. 19వ నంబరు బావి 65 రోజులు మండింది. రాత్రిళ్ళు మా పెరట్లో కొబ్బరిచెట్ల నీడలు అటూ ఇటూ ఊగేవి. వెన్నెల నీడ అలా ఊగదు. అప్పటికి నేను పదేళ్ళుగా అదే పనిలో ఉన్నాను. ఓ రాత్రి భోజనాల దగ్గర మా నాన్న "నువ్వు చేసేది ఇదేనట్రా?" అన్నారు. నాకు ముద్ద దిగలేదు.

పసిగట్టొచ్చు. ఎలాగో చెబుతాను. బావి తవ్వేటప్పుడు పైపు లోపల నుంచి 'మడ్' పంపుతాం. పేరు బురదే గానీ అది లెక్కగా కలిపిన చిక్కటి ద్రవం. బరువు కోసం అందులో ముగ్గురాయి పొడి వేస్తారు, మన మంగంపేట గనుల్లో దొరికేదే. ఆ బరువే అడుగున ఉన్న గ్యాస్‌ని తొక్కిపట్టి ఉంచుతుంది. ఎంత మడ్ పంపామో అంతే తిరిగి పైకి రావాలి. ఓ పది బ్యారెళ్ళు ఎక్కువొచ్చాయంటే కింద నుంచి ఏదో తోస్తోందని అర్థం. మేం దాన్ని 'కిక్' అంటాం. వెంటనే బీఓపీ మూసేయాలి. బీఓపీ అంటే బావి మూతి మీద కూర్చోబెట్టే ఉక్కు కవాటాల దొంతర. పైన గారెలా మధ్యలో చిల్లున్న పెద్ద రబ్బరు దిమ్మ ఉంటుంది, నొక్కితే పైపు చుట్టూ బిగుసుకుంటుంది. కింద ఉక్కు దవడలుంటాయి. వాటిలో ఓ జత, మరీ గతిలేనప్పుడు, పైపునే కత్తిరించి బావి మూసేస్తుంది.

యంత్రం ఉంది, సరే. దాని మీట నొక్కాల్సినవాడి సంగతే అసలు కథ.

1992లో పశ్చిమ తీరంలో ఓ రిగ్గు మీద (పేరెందుకు లెండి) నేను అసిస్టెంట్ డ్రిల్లర్ని. రాత్రి రెండింటికి డ్రిల్లర్ టీ కోసం కిందికెళ్ళాడు. మడ్ ట్యాంకుల ముల్లు చూస్తుండగానే పన్నెండు బ్యారెళ్ళు ఎగబాకింది. ఎవర్నీ అడగలేదు. పైపు ఎత్తి, పంపులు ఆపి, బావి మూసేశాను. అయిదు నిమిషాల్లో కంపెనీ మ్యాన్, అంటే బావి సొంతదారు కంపెనీ తరఫున రిగ్గు మీద ఉండే మనిషి, లుంగీ మీదే మెట్లెక్కి వచ్చాడు. చివరికి తేలిందేమిటంటే, కింద మడ్ గదిలో కుర్రాడొకడు ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి మడ్ తోడి, పైకి చెప్పడం మర్చిపోయాడు. నాలుగు గంటల పని పోయింది. కంపెనీ మ్యాన్ నా పేరుతో ఓ కాగితం రాసిచ్చాడు. మా టూల్‌పుషర్ బెంగాలీ ముసలాయన. ఆ కాగితం రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. ఆఫీసుకి పంపలేదు. నా ఉద్యోగం ఆ జేబులో భద్రంగా ఉండిపోయింది.

2010 ఏప్రిల్ 20 రాత్రి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద దీనికి తిరగేసిన కథ జరిగింది. బావి గట్టిగా మూసుకుందా లేదా అని పరీక్ష పెట్టారు. డ్రిల్ పైపులో 1,400 పీఎస్‌ఐ ఒత్తిడి చూపించింది, పక్కనున్న సన్న గొట్టంలో సున్నా. రెండూ ఒకే బావిలోకి దిగిన గొట్టాలు. మడ్ గదిలో కుర్రాడికి కూడా ఇక్కడేదో తేడా ఉందని తెలుస్తుంది. అంతమంది అనుభవజ్ఞులు ఆ 1,400కి ఓ కారణం అల్లుకుని, పరీక్ష పాసైందని రాసుకున్నారు. పని అప్పటికే 40 రోజులకు పైగా వెనకబడి ఉంది, రోజు ఖర్చు పది లక్షల డాలర్ల దగ్గర. 11 మంది పోయారు. పైపు వంగిపోవడంతో బీఓపీ దవడలు దాన్ని సరిగ్గా కత్తిరించలేకపోయాయి. బావిని మూసేసరికి 87 రోజులు పట్టింది. ఇంకో సంగతి కూడా విచారణలో బయటపడింది. దొంగ అలారాలకి రాత్రిళ్ళు జనం నిద్ర చెడుతోందని రిగ్గంతా మోగాల్సిన అలారాన్ని ముందే నొక్కిపెట్టి ఉంచారు.

అది చదివి నేను ఆశ్చర్యపోలేదు. నేను పనిచేసిన ఓ రిగ్గు మీద గ్యాస్ డిటెక్టర్ తలకి పాలిథీన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసి ఉండటం చూశాను. రంగులు వేసేటప్పుడు పెయింట్ పడకుండా కట్టారట. రంగు ఆరి పదకొండు రోజులైంది. కవరు ఎవరూ తియ్యలేదు. ఆ పదకొండు రోజులూ రిజిస్టర్లో 'డిటెక్టర్లు సక్రమం' అని సంతకాలున్నాయి. వాటిలో రెండు నావే.

ఇక ఆర్పే సంగతి. నేల మీదైతే మంట దగ్గరికి రోడ్డు వేసుకుని వెళ్ళొచ్చు. పాశర్లపూడిలో బయటి దేశం నిపుణులు వచ్చి అలాగే చేశారు. లోతు సముద్రంలో బీఓపీ నీళ్ళ అడుగున, సముద్రపు నేల మీదే ఉంటుంది. మన దగ్గర కొన్ని బావుల మీద రెండు కిలోమీటర్ల నీళ్ళుంటాయి. మనిషి దిగలేడు, రోబోలే పని చేయాలి. బావి మీద ఇంకో మూత దించాలి, లేదా పక్క నుంచి ఇంకో బావి తవ్వి అడుగున సిమెంటు కొట్టాలి. వారాల పని. సముద్రంలో చమురు తెట్టు కడితే దాన్ని అదుపు చేసే పని కోస్ట్ గార్డ్ చేతిలో ఉంటుంది. ఒడ్డున కోరింగ మడ అడవులున్నాయి, హోప్ ఐలాండ్ దగ్గర గుడ్లు పెట్టే తాబేళ్ళున్నాయి. ఉత్త గ్యాస్ బావి కంటే చమురు బావే వాటికి ఎక్కువ ప్రమాదం.

తనిఖీ మాటకొస్తే, నేల మీద బావిని చట్టం గని కిందే లెక్కగడుతుంది. దాన్ని కార్మిక శాఖలోని గనుల భద్రత డైరెక్టరేట్ చూస్తుంది. సముద్రంలో బావికి 2008 నాటి భద్రతా నియమాలున్నాయి, చూసేది ఓఐఎస్‌డీ, అంటే చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్. వాళ్ళ అనుమతి లేకుండా రిగ్గు గానీ ప్లాట్‌ఫాం గానీ పని మొదలుపెట్టకూడదు. కాగితం మీద ఇది బాగానే ఉంది. కానీ ఆ డైరెక్టరేట్ పెట్రోలియం శాఖ కింద ఉంది. ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్జీసీ కూడా ఆ శాఖ కిందే. 1988 జూలైలో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫాం తగలబడి 167 మంది పోయాక, బ్రిటన్ వాళ్ళు భద్రత పనిని ఇంధన శాఖ నుంచి తీసి కార్మికుల భద్రత చూసే సంస్థకి అప్పగించారు. 2010 తర్వాత అమెరికా వాళ్ళు కూడా, రాయల్టీ వసూలూ భద్రతా ఒకే ఆఫీసు చూడకూడదని, ఆ ఆఫీసుని ముక్కలు చేశారు. మన దగ్గర 'ఉత్పత్తి ఎందుకు తగ్గింది?' అని అడిగేవాళ్ళూ 'తవ్వడం ఆపు' అనాల్సినవాళ్ళూ ఒకే గుమ్మంలోంచి వస్తున్నారు. ఇన్‌స్పెక్టర్లు చెడ్డవాళ్ళని అనడం లేదు. నేను చూసినవాళ్ళలో బోల్టులు లెక్కపెట్టేవాళ్ళున్నారు. గుమ్మం మార్చాలంటాను, అంతే.

ప్రశ్న: గ్యాస్ మన సముద్రంలోది. పైపు మాత్రం గుజరాత్ దాకా వెళ్ళింది. దీని మీద మన రాష్ట్రానికి ఎంత రాయల్టీ వస్తుంది?
– ఓ డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

సున్నా బాబూ. కోపం తెచ్చుకునే ముందు రాజ్యాంగం 297వ అధికరణం చదువు. తీరం నుంచి సముద్రంలో ఉన్న ఖనిజాలన్నీ కేంద్రానివే అని అందులో ఉంది. నేల మీద బావి నుంచి వచ్చే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, సముద్రంలో బావిది రాదు. పాశర్లపూడి వైపు బావి తవ్వితే మనకి వాటా ఉంటుంది, ఎదురుగా సముద్రంలో తవ్వితే ఉండదు. 2010 మేలో అంబానీ సోదరుల గ్యాస్ తగాదాలో సుప్రీం కోర్టు చెప్పింది కూడా ఇదే ధోరణిలో ఉంది. అమ్మకం చోటికి చేరేదాకా గ్యాస్ ప్రభుత్వానిదే, అన్నదమ్ములు తమలో తాము ధర రాసుకుంటే చెల్లదని.

పైపు సంగతి నిజమే. తాళ్ళరేవు మండలం గాడిమొగ దగ్గర ఒడ్డెక్కిన గ్యాస్, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర దాటి భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్లు పోతుంది. ఎరువుల ఫ్యాక్టరీలూ, పరిశ్రమలూ కొనేవాళ్ళు అటు ఎక్కువ. దేశానికి లాభం లేదని మాత్రం అనకు. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా, గ్యాస్‌లో సగం దాకా బయటి నుంచి కొంటున్నాం. ఇక్కడ పుట్టిన ప్రతి ఘనపు మీటరూ అంత మేరకు డాలర్లు మిగులుస్తుంది.

ఉద్యోగాల గురించి నువ్వు అడగలేదు గానీ చెబుతున్నాను, ఎందుకంటే నీ వయసుకి అదే ముఖ్యం. సముద్రంలో తవ్వకం డబ్బుతో నడిచే పని, మనుషులతో కాదు. వేల కోట్లు పోసిన చోట రిగ్గు మీద నూటయాభై మంది ఉంటారు. వాళ్ళలో మన జిల్లావాళ్ళని వెతికితే ఎక్కువగా వంటగదిలో, డెక్ మీద కనిపిస్తారు. డ్రిల్లర్ కుర్చీలో అరుదు. ఎదురుగా సముద్రం పెట్టుకుని మనం ఎంతమందిమి వెల్ కంట్రోల్ (కిక్ వస్తే బావిని అదుపు చేసే పని) సర్టిఫికెట్ తీసుకున్నాం?

ప్రశ్న: మా నాన్నగారు గ్యాస్ కరెంటు ప్లాంట్ల షేర్లు కొని నష్టపోయారు. కేజీ-డీ6లో గ్యాస్ నిజంగా అయిపోయిందా, దాచిపెట్టారా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

ఈ ప్రశ్న నన్ను పెళ్ళిళ్ళలో కూడా అడుగుతారు. కేజీ-డీ6 అంటే కృష్ణా-గోదావరి తీరం ఎదురుగా సముద్రంలో రిలయన్స్ గ్యాస్ తీసే బ్లాకు. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. ఏడాది తిరిగేసరికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా ఎక్కింది. 8 కోట్లకు పోతుందని అందరూ లెక్కలు వేసుకున్నారు. ఆ లెక్క నమ్మి వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి వైపు ప్లాంట్లు కట్టారు, పెంచారు. తర్వాత ఒత్తిడి పడిపోయింది, బావుల్లోకి నీళ్ళూ ఇసుకా చొరబడ్డాయి. ఉన్న కాస్త గ్యాస్ ముందు ఎరువుల ఫ్యాక్టరీలకి ఇవ్వాలన్నారు. 2013లో కరెంటు ప్లాంట్లకి అక్కడి గ్యాస్ పూర్తిగా ఆగిపోయింది. కొత్త టర్బైన్లు తాళం వేసిన ఇంట్లో ఫ్రిజ్‌ల్లా ఉండిపోయాయి. 2020 ఫిబ్రవరిలో ఆ పాత క్షేత్రాలు మూతపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో అదే బ్లాకులో ఇంకా లోతున ఆర్-క్లస్టర్ మొదలైంది. ఇప్పుడు వస్తున్నది ఆ కొత్త క్షేత్రాల గ్యాస్.

చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భం మోసం చేసిందని కంపెనీ వాదించుకున్నాయి, ఆ పంచాయితీ మధ్యవర్తుల దాకా పోయింది. నా మటుకు నాకు 'దాచారు' అన్న మాట మింగుడుపడదు. కుళాయి కట్టేసినంత తేలిగ్గా ఆ లోతున బావి కట్టేసి, కావలసినప్పుడు తెరిచి, అంతే గ్యాస్ తీసుకోలేం. అంచనా మాత్రం ఘోరంగా తప్పింది. ఇంకో ఉదాహరణ చూడండి. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ ఇదే తీరంలో 20 ట్రిలియన్ ఘనపు అడుగుల గ్యాస్ దొరికిందని ప్రకటించింది. చివరికి తియ్యగలిగేది అందులో చిన్న ముక్కేనని తేలి, అప్పులు పెరిగి, 2017లో 80 శాతం వాటా ఓఎన్జీసీకి అమ్ముకుంది. మీ నాన్నగారు ఒంటరివారు కాదు. ఈసారి ఎవరైనా ట్రిలియన్లు చెబితే, ఎన్ని బావులు తవ్వి చెబుతున్నారో అడగమనండి.

ప్రశ్న: టెర్మినల్ చిమ్నీ మీద రాత్రీ పగలూ మంట మండుతూనే ఉంటుంది. అంత గ్యాస్ తగలెయ్యడమెందుకు?
– ఓ గృహిణి, ఓడలరేవు

దీపమంత మంటైతే అది కావాలనే వెలిగించి ఉంచినది. లోపల ఒత్తిడి పెరిగితే గ్యాస్‌ని చటుక్కున వదిలెయ్యాలి, వదిలింది కాలిపోవాలి. కాలకుండా గాలిలో పోగుపడితేనే ప్రమాదం. గంటల తరబడి పెద్ద మంట లేస్తే మాత్రం లోపలేదో యూనిట్ ఆగిందని అనుకోవచ్చు. అప్పుడు అడగండి, అది మీ హక్కు.

ప్రశ్న: ప్లాట్‌ఫాం దగ్గరికి బోటు పోనివ్వరు. చేపలు అక్కడే ఉంటాయి. పైపులు వేసిన నెలల్లో వేటే లేదు. మా నష్టం ఎవరిస్తారు?
– ఓ మత్స్యకారుడు, భైరవపాలెం

తమ్ముడూ, చేపలు అక్కడే ఉంటాయన్నది నిజం. ఇనుప కాళ్ళకి నాచూ నత్తలూ పట్టి అవే చేపల్ని పిలుస్తాయి. డ్యూటీ దిగాక నేనూ గాలం వేసినవాడినే, ఇప్పుడు ఒప్పుకోరు.

ప్లాట్‌ఫాం చుట్టూ 500 మీటర్లు హద్దు పెట్టింది పొగరుతో కాదు. 2005 జూలై 27న బొంబాయి హైలో ఏం జరిగిందో విను. సముద్ర సురక్ష అనే నౌకలో వంటవాడికి చేతివేళ్ళు తెగాయి. వైద్యానికి అతన్ని ప్లాట్‌ఫాం మీదికి చేర్చాలి. వర్షాకాలం, హోరుగాలి, హెలికాప్టర్ రాలేదు. నౌకని ప్లాట్‌ఫాం పక్కకి తెచ్చి క్రేన్‌తో బుట్టలో ఎక్కించారు. మనిషి ఎక్కాడు. నౌక వెనక్కి జరిగేటప్పుడు అల తోసి, ప్లాట్‌ఫాం గ్యాస్ గొట్టాన్ని తాకింది. రెండు గంటల్లో ఏడంతస్తుల ప్లాట్‌ఫాం సముద్రంలో కలిసిపోయింది. 384 మందిలో 22 మంది దక్కలేదు. నీ బోటు దానంత పెద్దది కాదు, ఒప్పుకుంటాను. వలకి చిక్కిన గొట్టానికి ఆ తేడా తెలియదు.

నష్టపరిహారం మాటకొస్తే, దారి ఇప్పటికే పడింది. ఓఎన్జీసీ పైపులైను పనుల వల్ల వేట పోయిందని 2022 మేలో 23,458 కుటుంబాలకి నెలకి 11,500 చొప్పున నాలుగు నెలలకి, దాదాపు 108 కోట్లు ఇచ్చారు. గుజరాత్ సంస్థ తవ్వకాలకి ఇంకా ముందే ఇవ్వాల్సింది, అది ఏళ్ళ తరబడి సాగింది. నా అభిప్రాయం అడిగితే, వేట ఆపమని చెప్పిన రోజే డబ్బు కూడా మొదలవ్వాలి. రిగ్గు ఒక్క రోజు ఆగితే అద్దె లెక్క ఆ రోజే కడతారు. బోటు ఆగితే మాత్రం రెండేళ్ళ తర్వాత సభ పెట్టి బటన్ నొక్కుతారు. వేటకెళ్ళిన రోజులు, డీజిల్ బిల్లులు, అమ్మిన చీటీలు దాచుకో. లెక్క ఉన్నవాడి పేరే జాబితాలో నిలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి రిగ్గు మీద వంటగదిలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఇంట్లో. హెలికాప్టర్లో తీసుకెళ్తారట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఓ తల్లి, తాళ్ళరేవు

అమ్మా, పైన వంటవాడి కథ చదివి ఇంకా భయపడి ఉంటారు. కానీ అతన్ని కాపాడాలనే కదా అదంతా జరిగింది.

వంటగది మంచి చోటు. రిగ్గు మీద మేనేజర్ కంటే వంటవాడి మాటే చెల్లుతుంది, మా కాలంలో చేపల పులుసు బాగా పెట్టినవాడిని వదలకుండా సెలవులు వాయిదా వేయించేవాళ్ళం. భయపడాల్సింది కాంట్రాక్టు అన్న మాటకి. 2021 మేలో తౌక్తే తుపానుకి పశ్చిమ తీరంలో పనివాళ్ళు ఉండే పీ-305 బార్జి మునిగింది. దాంట్లోనూ అదే తుపానుకి మునిగిన ఓ టగ్గు బోటులోనూ కలిపి 80 మందికి పైగా పోయారు. ఎక్కువమంది కాంట్రాక్టు పనివాళ్ళే. తుపాను హెచ్చరిక ముందే ఉంది. అలాంటప్పుడు కాంట్రాక్టు కుర్రాడు 'మమ్మల్ని ఒడ్డుకి పంపండి' అంటే ఎవరు వింటారు? అందుకని, సంతకం పెట్టేముందు చూడండి. అబ్బాయి పేరున బీమా కాగితం ఉందా, దాంట్లో నామినీగా మీ పేరుందా, జీతం బ్యాంకులో పడుతుందా. హెలికాప్టర్ ఎక్కేముందు నీళ్ళలో తప్పించుకునే శిక్షణ ఇప్పించాలి. సీట్లో బెల్టుతో కట్టేసి, బొమ్మ హెలికాప్టర్‌ని ఈతకొలనులో తలకిందులుగా ముంచుతారు. మొదటిసారి నేను అరలీటరు నీళ్ళు తాగాను. అది ఇప్పించకుండా ఎక్కించేస్తామంటే ఎక్కవద్దని చెప్పండి, ఉద్యోగం పోయినా సరే.

అబ్బాయికి నా మాటగా ఇంకొకటి చెప్పండి. రిగ్గు మీద దిగిన మొదటి రాత్రి, పడుకునే ముందు, తన మంచం దగ్గర నుంచి లైఫ్‌బోటు దాకా కళ్ళు మూసుకుని గోడ పట్టుకుని నడవాలి. ఎన్ని తలుపులు, ఎన్ని మెట్లు, ఏ తలుపు లోపలికి తెరుచుకుంటుందో లెక్కపెట్టుకోవాలి. పొగలో కళ్ళు పనిచెయ్యవు, వేళ్ళు పనిచేస్తాయి. నా ఆఖరి రిగ్గు మీద ఏడు తలుపులు, నలభై రెండు మెట్లు. రిటైరయ్యాక కూడా ఈ జబ్బు పోలేదు. మొన్న మేనకోడలి పెళ్ళికి విజయవాడ హోటల్లో దిగితే, నేను కళ్ళు మూసుకుని వరండాలో తడుముకుంటూ పోవడం చూసి రిసెప్షన్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి "ఏం సార్, కళ్ళజోడు పోయిందా?" అన్నాడు. ఆ హోటల్లో నాలుగు తలుపులు. రెండోది తాళం వేసి ఉంది.